అమ్మ పుట్టింది జనవరి ఒకటిన కాదు

పాఠకుల ప్రశ్నలు – టీచరు గారి జవాబులు

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. మాది కొత్తగూడెం. మా అమ్మ 2024 కార్తీకంలో చనిపోయింది. సంవత్సరీకం నాటికి ఆవిడ గురించి చిన్న పుస్తకం అచ్చు వేయించి బంధువులకు పంచాలని అన్నయ్య, నేను, తమ్ముడు అనుకున్నాం. ముప్పై రెండు పేజీలు, లోపల కొన్ని ఫొటోలు. రాసే పని నాకు అప్పగించారు. నెల రోజులుగా కూర్చుంటున్నాను. ‘ప్రేమమూర్తి’, ‘త్యాగమయి’, ‘మా ఇంటి దీపం’ అని రాశాక కలం ముందుకు సాగడం లేదు. రాసినవన్నీ నిజమే. కానీ చదువుకుంటే ఎవరి అమ్మ గురించో చదువుతున్నట్టుంది.

అమ్మ బడికి వెళ్ళలేదు. సంతకం మాత్రం నేర్చుకుంది. నాన్న సింగరేణిలో బొగ్గు బావి పని చేసి రిటైరయ్యారు. అమ్మ మమ్మల్ని ముగ్గురినీ పెంచింది, తర్వాత ఐదుగురు మనవళ్ళనూ మనవరాళ్ళనూ పెంచింది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 01-01-1950 అని ఉంది. అది నిజం కాదని మాకు తెలుసు. మా తాత ‘సర్వజిత్తులో, సద్దుల బతుకమ్మ నాడు పుట్టింది’ అనేవాడు. రజాకార్ల గొడవల్లో అమ్మమ్మ తనను చంకన వేసుకొని కృష్ణా జిల్లాకు వెళ్ళిపోయిందని అమ్మ చెప్పేది. అన్నయ్యను ఎత్తుకొని గోదావరి పుష్కరాలకు భద్రాచలం వెళ్ళిన సంగతి కూడా తరచూ చెప్పేది. ఇంకొక విషయం. ఒక పొలం తగాదాలో అమ్మకూ పెద్దమ్మకూ ఆరేళ్ళు మాటల్లేవు. తర్వాత కలిసిపోయారు. అది పుస్తకంలో రాయకూడదని అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

మరిచిపోయాను. అమ్మ కొంగుకు ఎప్పుడూ ఒక ముడి ఉండేది. నాన్న బావికి బయలుదేరగానే వేసేది. తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక విప్పేది. నాన్న రిటైరయ్యాక ఆ అలవాటు పోయింది. మా పెద్దబాబు మొదటిసారి స్కూలు బస్సు ఎక్కిన రోజున మళ్ళీ వేసింది. ఇది పుస్తకంలో పెట్టేంత విషయం కాదనుకుంటాను.

– ఒక కూతురు (పేరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, మీరు నెల రోజులుగా వెతుకుతున్న పుస్తకం మీ ఉత్తరం చివర ఉంది. ‘మరిచిపోయాను’ అన్న మాట దగ్గర మొదలవుతుంది. అంతవరకు చదివినప్పుడు ఒక మంచి కుటుంబం కనబడింది. ఆ ముడి దగ్గరికి వచ్చాక మీ అమ్మ కనబడింది. పుస్తకం మొదటి వాక్యం అదే కావాలి. పుట్టుక, పెళ్ళి, పిల్లలు ఆ తర్వాత రావచ్చు.

ఆ ముడి గురించి మీరు మూడు నాలుగు వాక్యాలతో సరిపెట్టారు. ఇంకా కావాలి. ఉత్త ముడేనా, లోపల పసుపుకొమ్మో రూపాయి బిళ్ళో ఉండేదా? వేసేటప్పుడు పైకి ఏమైనా అనుకునేదా? నాన్నగారికి తెలుసా? రాత్రి షిఫ్టు ఉన్న వారమంతా ఆ ముడితోనే పడుకునేదా? వేళ కాని వేళ సైరన్ మోగిన రోజు ఏదైనా మీకు గుర్తుంటే, ఆ రోజు ఆ చేతులు ఏం చేశాయి? అమ్మ చీరలు ఇంకా బీరువాలో ఉంటే ఇవాళే తీసి కొంగు మూలలు చూడండి. నాన్నగారి కోసం ఏళ్ళ తరబడి రోజూ ముడిపడిన మూల ఎంత ఉతికినా, ఎంత ఇస్త్రీ చేసినా మిగతా గుడ్డలా ఉండదు. ఆ మూలను ఒక ఫొటో తీయించి వేయండి. స్టూడియోలో దిగిన ఫొటోల కంటే మనవళ్ళు దాన్నే ఎక్కువసేపు చూస్తారు.

తల్లిగా ఎలా ఉండేదో, అమ్మమ్మగా ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకు మించింది నాకు తోచడం లేదు. దీని పక్కన ‘ప్రేమమూర్తి’ అని రాస్తే ఆ మాటే చిన్నబోతుంది.

‘త్యాగమయి’ అన్న మాటతో నాకు సొంత లెక్క ఒకటి ఉంది. మా అమ్మ పోయినప్పుడు పత్రికలో వేయించిన ప్రకటనలో నేనూ ఆ మాటే రాశాను. మాది దివిసీమ, అవనిగడ్డకు ఎగువన ఒక పల్లె. అమ్మ పోయిన ఆరు నెలలకు ఆవిడ రేకుపెట్టె తెరిచాను. శుభలేఖలు, పాత రేషన్ కార్డులు, మా ప్రోగ్రెస్ కార్డులు, అన్నిటికంటే అడుగున దారంతో కట్టిన ఏడు చీటీలు. ఊళ్ళో షావుకారు రాసిచ్చిన తాకట్టు చీటీలు అవి. ‘బంగారు గాజులు జత 1, నాలుగు కాసులు’ అని ఉంది. మొదటి చీటీ 1971 జూన్‌ది. నేను బందరులో కాలేజీలో చేరింది ఆ నెలలోనే. దాని మీద అడ్డంగా ‘చెల్లు’ అని రాసి 1972 జనవరి తేదీ వేశాడు. రెండోది 1972 జూన్, చెల్లు మరుసటి జనవరి. ఇలా ఏటా జూన్‌లో ఫీజులకు గాజులు లోపలికి వెళ్ళాయి, సంక్రాంతికి ధాన్యం అమ్మగానే బయటికి వచ్చాయి. ఏడో చీటీ 1977 జూన్‌ది. అప్పటికి నా చదువు అయిపోయింది, తమ్ముడు కాలేజీలో ఉన్నాడు. ఆ చీటీ మీద ‘చెల్లు’ లేదు.

ఆ ఏడు నవంబరు 19, శనివారం నాడు ఉప్పెన వచ్చింది. దివిసీమవాళ్ళకు ఆ తేదీ ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మందికి పైగా పోయారు. సముద్రం ఎంతవరకు లోపలికి వచ్చిందో తెలిసేలా అవనిగడ్డ దగ్గర స్మారకం కట్టారు. మా ఊరికి ఆ నీళ్ళు రాలేదు కానీ గాలి వచ్చింది. కోతకు వచ్చిన చేను నేలకు అతుక్కుపోయింది. ఆ సంక్రాంతికి అమ్మడానికి గింజ లేదు, గాజులు షావుకారు దగ్గరే ఉండిపోయాయి. అమ్మ మట్టిగాజులు వేసుకొని తిరిగింది. ఎవరో అడిగితే ‘మట్టిగాజులైతే పనికి అడ్డురావు’ అంది. నేను పక్కనే ఉన్నాను. విన్నాను, నమ్మాను. ఆ పెట్టె తెరిచేదాకా నమ్మాను. అమ్మ ఏం వదులుకుందో తెలియకుండానే పత్రికలో ఆ మాట అచ్చు వేయించాను. ఇప్పుడైతే ఆ ప్రకటనలో ‘బంగారు గాజులు జత 1, నాలుగు కాసులు’ అని రాస్తాను.

మీ ఇంట్లోనూ కాగితాలు ఉంటాయి. నాన్నగారి జీతం చీటీలు, పోస్టాఫీసు పాస్‌బుక్కు, ఆసుపత్రి చీటీలు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆవిడ గురించి కాగితాల్లో ఏమీ ఉండదనుకోకండి. చదువు రానివాళ్ళు కాగితాలను చాలా భద్రంగా దాస్తారు. అమ్మ సంతకం చేసిన పాత కాగితం ఒక్కటైనా దొరికితే ఆ సంతకాన్ని పుస్తకం అట్ట మీద వేయండి. ఎవరు నేర్పారు, ఏ వయసులో నేర్చుకుంది, పలక మీదా నేల మీదా, అది కూడా కనుక్కోండి.

ఇక పుట్టిన తేదీ. పుట్టినరోజు తెలియనివాళ్ళకు కార్డుల్లో జనవరి ఒకటి వేసేస్తారు. నేను బడిలో పనిచేసిన రోజుల్లోనూ పిల్లల పేర్ల పక్కన ఇలాంటి తేదీలే రాసేవాళ్ళం. అది ఆఫీసుల అవసరానికి. మీ పుస్తకానికి అది అక్కర్లేదు, ఎందుకంటే మీ తాత మీకు తేదీ చెప్పి వెళ్ళాడు. సర్వజిత్తు నామ సంవత్సరం 1947 ఉగాది నుంచి 1948 ఉగాది దాకా నడిచింది. ఆ ఏడు దీపావళి నవంబరు 12న వచ్చింది. సద్దుల బతుకమ్మ దానికి మూడు వారాల ముందు, అంటే అక్టోబరు 22 ప్రాంతంలో. ఆ ఏటి పంచాంగం ఎవరి దగ్గరైనా ఉంటే, గుళ్ళో పంతులు గారిని అడిగి రోజు ఖాయం చేసుకోండి. కార్డు ప్రకారం డెబ్బై నాలుగేళ్ళని రాస్తే అమ్మ బతికిన మూడేళ్ళు పోతాయి. ఆవిడ డెబ్బై ఏడేళ్ళు నిండి వెళ్ళింది.

ఈ తేదీ పట్టుకోగానే మిగతావి వాటంతట అవే దారిలోకి వస్తాయి, చూడండి. ఆవిడ పుట్టే నాటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలు దాటింది, కానీ మీ వైపు ఇంకా నిజాం రాజ్యమే. పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలైంది, 17న నిజాం లొంగిపోయాడు. అప్పటికి మీ అమ్మకు ఏడాది నిండలేదు. అంటే అమ్మమ్మ చంకన సరిహద్దు దాటింది పాలు తాగే పిల్ల. మధిర వైపు నుంచి ఎంతోమంది అలా కృష్ణా జిల్లా ఊళ్ళకు చేరి నెలల తరబడి తలదాచుకున్నారు. మీ వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరు చోటిచ్చారు, తిరిగి వచ్చేసరికి ఇల్లు ఎలా ఉంది?

భద్రాచలం ప్రయాణం సంగతీ అంతే. గోదావరి పుష్కరాలు 1967లో వచ్చాయి, మళ్ళీ 1979లో. చంకన ఎక్కే వయసు అన్నయ్యది 1967 నాటికే అయ్యుండాలి. అంటే మీ అమ్మకు అప్పటికి ఇరవై నిండలేదు. ఆ వయసులో చంటిపిల్లాడిని ఎత్తుకొని పుష్కరాల జనంలో నడిచింది. దీన్ని ఈ వయసుతో కలిపి మీ పెద్దబాబుకు చెప్పండి. ముసలి అమ్మమ్మనే చూసినవాడికి ఆ అమ్మాయి ఎవరో కొత్తగా తెలుస్తుంది.

ఇప్పుడు పెద్దమ్మ. మీ ఉత్తరంలో ఆవిడను ‘ఆరేళ్ళు మాటల్లేవు’ అన్న చోటే చూశాను. ఆవిడ ఇప్పుడున్నారా? ఉంటే మీరు కాగితాలన్నీ పక్కన పెట్టి ముందు అక్కడికి వెళ్ళండి. సరిహద్దు దాటిన రోజు నడిచి వెళ్ళే వయసు ఆ ఇంట్లో ఆవిడకే ఉండి ఉంటుంది. మీ అమ్మ చెప్పింది తను విన్న కథ. పెద్దమ్మ చెప్పేది చూసిన కథ. అమ్మ పసితనం తెలిసిన మనిషి భూమ్మీద ఇంకెవరూ లేరు.

పొలం తగాదా రాయాలా వద్దా అంటే, రాయమనే అంటాను. అన్నయ్య భయం నాకు అర్థమవుతుంది, అమ్మను ఎవరైనా తక్కువగా అనుకుంటారని. కానీ మీ బంధువుల్లో ఆ సంగతి తెలియనివారు ఎవరున్నారు? అందరికీ తెలిసినది వదిలేస్తే, రాసినవాటిని కూడా నమ్మరు. ఎవరిది తప్పో తేల్చకండి. ఆ ఆరేళ్ళలో పండుగలు ఎలా గడిచాయో, మొదట ఎవరు ఎవరి గడప తొక్కారో, ఆ రోజు ఏం వండారో రాయండి. అయితే ఒక షరతు. అచ్చుకు ఇచ్చే ముందు ఆ పేజీ పెద్దమ్మకు చదివి వినిపించండి. ఆవిడ వద్దంటే తీసేయండి. బతికున్న మనిషి మనసు పుస్తకం కంటే ముఖ్యం.

పేరు సంగతి కూడా గట్టిగా చెప్పాలి. మీ ఉత్తరంలో అమ్మ పుట్టింటి ఇంటిపేరు లేదు. చాలా స్మారక పుస్తకాల్లో ఉండదు. అమ్మ పేరు, పుట్టింటి పేరు, ఆవిడ తల్లి పేరు, ఆ తల్లికి తల్లి పేరు మొదటి పేజీలోనే వేయండి. పెత్రమాసకు పేర్లు చెప్పేటప్పుడు మగవాళ్ళవి మూడు తరాలు గడగడా వస్తాయి. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా ఇంట్లోనూ అంతే జరిగింది. మా అమ్మమ్మ తల్లి పేరు నాకు ఇప్పటికీ దొరకలేదు.

మనవళ్ళకు తలా ఒక పేజీ ఇవ్వండి. అన్నయ్య పిల్లలకు, తమ్ముడి పిల్లలకు ఆవిడ నాయనమ్మ, మీ పిల్లలకు అమ్మమ్మ. రెండు ఇళ్ళలో ఆవిడ ఒకేలా ఉండి ఉండదు. కొడుకు ఇంట్లో కోపం చూపించి ఉండవచ్చు, కూతురి ఇంట్లో మింగేసి ఉండవచ్చు. రాసేవాళ్ళకు ‘మంచిది’, ‘గొప్పది’ అన్న మాటలు వాడవద్దని చెప్పండి. అమ్మమ్మ చేసిన ఒక పని, అన్న ఒక మాట, అంతే. వాళ్ళ ఫోన్లలో ఆవిడ పంపిన వాయిస్ మెసేజీలు ఉంటే ఫోను మార్చేలోపు రెండు చోట్ల దాచమనండి. నాకు మా అమ్మ గొంతు ఒక్క నిమిషం కూడా లేదు.

పుస్తకాన్ని సంవత్సరీకం నాడు పంచుతామన్నారు. నేనైతే నెల ముందే, సద్దుల బతుకమ్మ నాడు పంచుతాను. ఇన్నేళ్ళూ ఆవిడ పుట్టినరోజున ఊరంతా పూలు పేర్చి ఆడింది, ఆవిడ కూడా ఆడే ఉంటుంది. ఆ రోజు తన పుట్టినరోజని ఎవరికైనా చెప్పిందో లేదో, పెద్దమ్మను అడగండి.

ప్రశ్న: మా నాయనమ్మకు 81 ఏళ్ళు. అనకాపల్లి దగ్గర పల్లెలో ఉంటుంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. సెలవులకు వెళ్ళినప్పుడు ఫోను ఎదురుగా పెట్టి ‘నీ జీవితం గురించి చెప్పు’ అంటే ‘చెప్పడానికి ఏముందిరా’ అని లేచి వెళ్ళిపోతుంది. ఎలా అడగాలి?

జవాబు: నాకు మనవడి వయసువాడివి కాబట్టి నువ్వనే అంటాను. ‘జీవితం గురించి’ అని అడిగితే ఎవరైనా లేచిపోతారు బాబూ. రికార్డు చేస్తున్నానని ఒక్కసారి చెప్పి, ఫోను పక్కన పెట్టి దాని సంగతి మరిచిపో. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నప్పుడు ఎదురుగా కూర్చొని నువ్వూ తీయి. చేతులకు పని ఉంటే మాట దానంతట అదే వస్తుంది.

చిన్న చిన్నవి అడుగు. కాపురానికి వచ్చిన ఇంట్లో పొయ్యి ఏ మూలన ఉండేది? అణాలు పోయి 1957లో కొత్త పైసలు వచ్చినప్పుడు ఆవిడకు పదమూడేళ్ళు, కొట్టుకు పంపితే చిల్లర ఎలా లెక్క చూసుకునేది? 1979 జూలైలో స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్ళన్నీ హడలిపోయాయి, ఆ రోజుల్లో మీ ఇంట్లో ఏం వండుకు తిన్నారు? 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం పెద్ద సూర్యగ్రహణం పట్టింది, అప్పుడు మీ ఇంట్లో కడుపుతో ఉన్నది ఎవరు, వాళ్ళను ఏ గదిలో కూర్చోబెట్టారు? ఇలా ఒక్కటి అడిగితే పది వస్తాయి. మధ్యలో ‘అది కాదు, ఆ తర్వాత’ అని తొందర పెట్టకు. తేదీలు తర్వాత నువ్వు సరిచూసుకోవచ్చు.

వంటల కొలతలు కూడా రాసుకో. ఆవకాయ సంగతి అడిగితే సోల కారం, సోల ఆవపిండి అని చెబుతుంది, అంతవరకు బాగానే ఉంటుంది. ఆ సోల ఇంట్లోనే ఉంటుంది, కొలుచుకోవచ్చు. మెంతులు ఎన్ని అంటే ‘గుప్పెడు’ అంటుంది. అక్కడ ఆగు. ఆవిడ గుప్పిట్లోంచే పళ్ళెంలో పోయించి, ఆ గింజల్ని తూచి గ్రాముల్లో రాసుకో. మా అమ్మ చెయ్యి చిన్నది, నాది పెద్దది. నేను నా గుప్పిటతోనే వేస్తున్నాను. మా ఇంట్లో ఆవకాయ ఇన్నేళ్ళుగా కాస్త చేదుగానే ఉంటోంది.